పదమూడో ఎలక తర్వాత

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. "సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పని ఒకటి రాసివ్వండి, కాలేజీ పత్రికలో వేస్తాం" అన్నారు. గుర్తుండిపోయిన పని అంటే గొప్పగా చేసిన పని అని వాళ్ల ఉద్దేశం. గొప్పగా చేసినవి నాకు అట్టే గుర్తు లేవు. చెడగొట్టినది మాత్రం గంటల వారీగా గుర్తుంది. అదే రాస్తున్నాను. వేస్తే వెయ్యండి, లేకపోతే మానెయ్యండి.

నూజివీడు చుట్టుపక్కల తోటల మధ్య ఉన్న ఒక ఫార్మసీ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. నా పని ఎలకల మెదళ్లలో ఉండే రసాయనాలని కొలవడం. ఈ మాట ఎవరికైనా చెబితే ముందు నవ్వేవాళ్లు. మా వీధిలో మామిడికాయల వ్యాపారం చేసే ఒకాయన నన్ను బస్టాండులో చూసినప్పుడల్లా, "కొండని తవ్వి ఎలకని పట్టడం విన్నాం గానీ, మీరు ఎలకని తవ్వి ఏం పడతారండీ?" అనేవాడు. నేనూ నవ్వేసి బస్సెక్కేవాణ్ణి. లోపల మాత్రం ఒళ్లు మండేది. నా పని మీద నాకు గర్వం ఎక్కువ.

ఆ గర్వానికి కారణం ఉంది. మెదడులో రసాయనాన్ని కొలవడం రక్తంలో చక్కెర చూసినంత తేలిక కాదు. జీవి ప్రాణం పోయిన మరుక్షణం నుంచి మెదడులోని డోపమిన్ లాంటివి విరిగిపోవడం మొదలవుతుంది. ఎండలో పెట్టిన పుల్ల ఐసు లాగా, మనం చూస్తుండగానే తరిగిపోతాయి. అందుకని మెదడు తియ్యగానే ద్రవ నైట్రోజన్‌లో వేసి రాయిలా గడ్డకట్టించాలి. అంతా నిమిషం లోపు అయిపోవాలి. నేను నలభై సెకన్లలో చేసేవాణ్ణి. విజయవాడ, గుంటూరు నుంచి వచ్చిన వాళ్లు కూడా నా చెయ్యి చూసి మెచ్చుకునేవారు. వాళ్లు మెచ్చుకున్న కొద్దీ ఆ గర్వం నా తలకెక్కింది. పని చెడిపోవడానికి అది కూడా ఒక కారణమని ఇప్పుడు తెలుస్తోంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎలక బెదిరినా దాని మెదడులో అంకెలు మారిపోతాయి. కొత్త మనిషి చెయ్యి పెట్టి పట్టుకుంటే ఒక అంకె, అలవాటైన మనిషి పట్టుకుంటే ఇంకో అంకె. అందుకే ఎలకల గదిలో పనిచేసే మనిషి ముఖ్యం. మా దగ్గర ఆ పని చేసింది ముసునూరు వైపు పల్లె నుంచి వచ్చే ఒకామె. ఆమెని మేమంతా ఎలకలమ్మ అనేవాళ్లం. ఆమెకీ ఆ పేరు ఇష్టమే. రోజూ ఉదయం ఆటోలో దిగి, చెప్పులు బయట విడిచి, గదిలోకి వెళ్లగానే ఎలకలన్నీ బోను ముందు భాగానికి వచ్చేవి. ఒక పాత తువ్వాలు మీద ఎలకని ఎక్కించుకుని వీపు నిమురుతూ తెచ్చేది. నా ఇరవై తొమ్మిదేళ్లలో అంత నెమ్మదైన చెయ్యి ఇంకెవరిదీ చూడలేదు. నా అంకెలు సగం ఆమె చేతి చలవే. ఆ మాట ఉద్యోగంలో ఉండగా ఎప్పుడూ ఆమెతో అనలేదు.

ఆమె భర్త మామిడితోటల్లో మందు కొట్టే మనిషి. పూత వచ్చే రోజుల్లో తేనెమంచు పురుగు పడుతుంది కదా, దానికి ట్రాక్టరు మీద డ్రమ్ము పెట్టుకుని గొట్టంతో చెట్టు కొన దాకా కొడతారు. పాత చెట్లు తాటిచెట్టంత ఎత్తు. పైకి కొట్టిన మందు సగం మళ్లీ కొట్టినవాడి మొహం మీదే పడుతుంది. మొహానికి తువ్వాలు చుట్టుకోవడం తప్ప వేరే రక్షణ ఎవరికీ లేదు. ఈయన ఇరవై ఏళ్లు అలా కొట్టాడు. ముదురు చెట్టు నడినెత్తిన మందు పడాలంటే ఈయనే రావాలని తోటలు గుత్తకి తీసుకునే వ్యాపారులు అనేవాళ్లట. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

ఆయనకి ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగేది కాదు. విజయవాడలో డాక్టరు నరాల జబ్బు అని మాత్రలు రాశాడు. ఏం పనిచేస్తావని అడిగాడు గానీ, ఆ పని మానెయ్యమని మాత్రం చెప్పలేదట. ఆమె చెబితే ఆయన వినడు. వయసు మీద పడితే చెయ్యి వణకదా, మా నాన్నకి వణకలేదా అని కొట్టిపారేసేవాడు.

ఒకరోజు ఆమె మా ప్రొఫెసర్ గారి గది గుమ్మం దగ్గర నిలబడింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ ఏంటమ్మా అన్నారు. నేను అక్కడే ఉన్నాను.

"మనం ఎలకలకి రకరకాల మందులు తాగిస్తున్నాం కదండీ. మామిడితోటల్లో కొట్టే మందు కూడా తాగించి చూడకూడదాండీ? చేతుల వణుకు దానివల్లేనని చదువుకున్నోళ్లు ఎవరైనా చెబితే మా ఆయన మానేస్తాడు. నేను చెబితే మానడండీ."

ప్రొఫెసర్ గారు నెమ్మదైన మనిషి. ఎవరి మాటనీ తీసిపారేసేవారు కాదు. వారం రోజులు పుస్తకాలు తిరగేసి, మెదడులో డోపమిన్ తగ్గితే ఇలాంటి వణుకు వస్తుంది, ఇది చెయ్యాల్సిన పనే అన్నారు. జంతువుల మీద ప్రయోగాలు చూసే కమిటీ అనుమతి తెచ్చారు. ఇరవై నాలుగు ఎలకలు. పన్నెండింటికి ఉత్త నీళ్లు, పన్నెండింటికి తోటల్లో వాడే మందు బాగా పలచన చేసి, మూడు నెలల పాటు రోజూ. ఆమె పట్టుకునేది, నేను తాగించేవాణ్ణి. ఆదివారాలు నేను రాను కాబట్టి ఆమే తాగించేది. ఆ మూడు నెలలూ ఆమె ఒక్కరోజు సెలవు పెట్టలేదు. చుట్టాల ఇంట్లో పెళ్లికి కూడా పొద్దున్నే వచ్చి ఎలకల పని చూసుకుని వెళ్లింది.

మెదళ్లు తీసే రోజు దగ్గరపడింది. ఎండాకాలం, మామిడికాయల సీజను మంచి ఊపులో ఉంది. ముందు రోజు ముగ్గురం కూర్చుని, ఏ ఎలకని ఎప్పుడు తియ్యాలో మాట్లాడుకున్నాం. మందు తాగిన ఎలకల రక్తం కత్తెరలకి అంటుకుని, నీళ్లు తాగిన ఎలకల్లోకి మందు ఆనవాళ్లు వస్తాయేమోనని ప్రొఫెసర్ గారి భయం. అప్పుడు ఎలకలమ్మ అంది, మా ఇళ్లల్లో అయితే మందు గుడ్డలు ఎప్పుడూ ఆఖర్నే ఉతుకుతామండీ అని. మందు కొట్టేవాళ్ల ఇళ్లల్లో అదొక నియమం. పిల్లల బట్టలు, ఆడవాళ్ల బట్టలు అన్నీ అయ్యాక, మందు వాసన కొట్టే చొక్కా, లుంగీ వేరే బకెట్‌లో చివరికి ఉతుకుతారు. ప్రొఫెసర్ గారు అబ్బ, ఎంత చక్కగా చెప్పావమ్మా అన్నారు. నేనూ తల ఊపాను. నీళ్ల ఎలకలు ముందు, మందు ఎలకలు తర్వాత అని కాగితం మీద రాసుకున్నాం.

బట్టలకి అది మంచి పద్ధతే. కొలతకి అది ప్రాణాంతకం. రెండు గుంపుల్ని పోల్చాలనుకున్నప్పుడు, ఒక గుంపునంతా పొద్దున, రెండో గుంపునంతా మధ్యాహ్నం తీస్తే, తేడా మందుదో మధ్యాహ్నానిదో ఎలా తెలుస్తుంది? ఎలకల్ని కలిపి, చీటీలు తీసి, ఏది ముందు వస్తే దాన్ని తియ్యాలి. ఈ సంగతి మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పే పాఠం. ఆమెకి తెలియకపోవడం తప్పు కాదు. మా ఇద్దరికీ తెలుసు. తెలిసీ, ఒక మంచి ఇల్లాలి మాట విని మురిసిపోయాం.

నైట్రోజన్ తెచ్చే పని నాది. మాకు దగ్గరలో అది పశువుల ఆస్పత్రిలో దొరికేది. ఆవులకి సూది వేసే వీర్యాన్ని దాంట్లోనే నిలవ ఉంచుతారు. అక్కడి మనిషి నాకు తెలిసినవాడే. మామూలుగా క్యాను నిండా పోసి పంపేవాడు. ఆ రోజు బండి ఆలస్యమైందని, ఆవుల తర్వాతే మీ ఎలకలు అని, సగానికి కొంచెం పైన పోసి ఇచ్చాడు. ఇంకో గంట ఆగితే బండి వస్తుందన్నాడు. నా చేతి వేగానికి ఇది చాల్లే అనుకుని వచ్చేశాను. క్యాను మూత కూడా పాతది, సరిగ్గా బిగిసేది కాదు. అదీ నాకు తెలుసు.

పొద్దున పన్నెండు ఎలకలు గడియారంలా జరిగిపోయాయి. ఆమె ఎలకల్ని గుమ్మం దాకా తెచ్చి నా చేతికి అందించి, వెనక్కి తిరిగి వెళ్లిపోయేది. లోపలికి ఎప్పుడూ రాలేదు. భోజనాలయ్యాక కూర్చున్నాం. పదమూడోది, అంటే మందు ఎలకల్లో మొదటిది, బాగానే గడ్డకట్టింది. పద్నాలుగోది వెయ్యబోతే క్యానులో అడుగున కాస్త పొగ తప్ప ఏమీ లేదు. మెదడు నా చేతిలో పట్టుకారు చివర ఉంది. ఏం చెయ్యాలో తోచక పక్కనున్న ఐసు డబ్బాలో పెట్టాను.

అక్కడ ఆపి ఉండాల్సింది. ప్రొఫెసర్ గారు పక్క గదిలోనే ఉన్నారు. సార్, నైట్రోజన్ అయిపోయింది, మిగతావి రేపు చేద్దాం అంటే సరిపోయేది. అంటే, ఎందుకు అయిపోయింది అని అడుగుతారు. సగం క్యాను తెచ్చావా అని అడుగుతారు. నలభై సెకన్లవాడికి ఆ ప్రశ్న నామర్దా అనిపించింది. ఐసులో పెట్టి, తర్వాత చల్లటి ఫ్రీజర్‌లోకి మారుస్తే ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను. మిగతా పదీ అలాగే చేశాను. మధ్యాహ్నం ఎండకి డబ్బాలో ఐసు నీళ్లవుతూనే ఉంది. రిజిస్టరులో నైట్రోజన్ అని ఉన్న గడిలో రోజూ పెట్టినట్టే టిక్కు పెట్టాను.

లెక్కలు వచ్చాయి. మందు తాగిన ఎలకల్లో డోపమిన్ బాగా పడిపోయింది. గ్రాఫు చూస్తే చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ఒక్క పదమూడో ఎలక మాత్రం వేరుగా, నీళ్ల ఎలకల కన్నా కాస్తే తక్కువగా ఉంది. దీనికి మందు సరిగ్గా వెళ్లలేదేమో, ఆదివారాలు ఏమైనా తప్పిపోయిందేమో అని ప్రొఫెసర్ గారు ఎలకలమ్మని అడిగారు. ఒక్కరోజు కూడా తప్పలేదండీ అని ఆమె గట్టిగా చెప్పింది. మేం నమ్మలేదు. ఆ ఎలకని లెక్కలోంచి తీసి పక్కన పెట్టాం. ఇరవై నాలుగింటిలో మందు గురించి నిజం చెప్పింది ఆ ఒక్కటే.

ఆ వానాకాలంలో ప్రొఫెసర్ గారు రైతుల్నీ, వ్యాపారుల్నీ కాలేజీకి పిలిచి మా లెక్క వివరించారు. ఇవి ఎలకలేననీ, మనుషుల సంగతి తేల్చి చెప్పలేమనీ అంటూనే, మందు కొట్టేవాళ్లు జాగ్రత్తగా ఉండాలన్నారు. ఎలకలమ్మ భర్త కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. నేను ఆయన్ని చూడటం అదే మొదటిసారి. సన్నటి మనిషి. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, గ్రాఫు వంకే చూశాడు. ఆ ఏడు పూతకి ఆయన గొట్టం పట్టలేదు. ఆయన్ని పిలిచే వ్యాపారి కూడా మంచివాడే. చెట్లకి పాదులు చేయించడం, కాయలు కోసేటప్పుడు గ్రేడింగు చూసుకోవడం లాంటి పనులు ఇచ్చాడు. ఆ చలికాలమంతా ఎలకలమ్మ మొహంలో నేను అంతకుముందు ఎప్పుడూ చూడని నిమ్మళం కనిపించింది. ఎండాకాలం వచ్చాక ఒకరోజు మా ల్యాబుకి గంపెడు చిన్నరసం మామిడిపళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. మా ఆయన ఏరి పంపాడండీ అంది. వాటి తీపి ఇప్పటికీ నా నోటికి గుర్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా బాధగానూ ఉంటుంది.

ప్రొఫెసర్ గారు ఆ పనిని వ్యాసంగా రాసి ఒక పరిశోధన పత్రికకి పంపారు. వాళ్లు ఒక్కో ఎలక అంకె విడివిడిగా కావాలని అడిగారు. ఆ పట్టిక తయారుచెయ్యమని నాకు ఇచ్చారు. తోచినట్టు రాయకుండా, తీసిన వరసలో రాద్దామని రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. పద్నాలుగు దగ్గర ఒక మెట్టు దిగింది. అక్కడి నుంచి ప్రతి ఎలకకీ ఒక మెట్టు చొప్పున, ఇరవై నాలుగో దాకా దిగుతూనే ఉంది. మందు అన్నింటికీ ఒకటే. మారింది ఐసు ఒక్కటే. డోపమిన్ విరిగితే వచ్చే ముక్కల అంకెలు చూశాను. అవి అదే వరసలో మెట్లెక్కుతున్నాయి. మేం కొలిచింది మామిడితోట మందుని కాదు, నా సగం క్యానుని.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ప్రొఫెసర్ గారు ఎటు నడిచినా నా దగ్గరికే వస్తున్నారనిపించేది. పదో రోజు పట్టిక తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన వేలు పద్నాలుగో అంకె దగ్గర ఆగింది.

"నైట్రోజన్ ఎప్పుడు అయిపోయింది?"

"పదమూడో ఎలక తర్వాత సార్."

"రాశావా?"

"లేదు సార్. టిక్కు పెట్టాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. వరస అలా పెట్టింది నేను కూడా కదా అని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నారు. ఆ సాయంత్రమే పత్రికకి, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాశారు. మర్నాడు ఆ వ్యాపారికీ, సమావేశానికి వచ్చిన మిగతావాళ్లకీ ఫోన్లు చేసి, మా లెక్కలో పొరపాటు జరిగింది, మళ్లీ చేస్తాం, అప్పటిదాకా ఏమీ చెప్పలేం అన్నారు. ఏమీ చెప్పలేం అన్న ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. పొరపాటు జరిగింది అన్నది మాత్రం ఊరంతా పాకింది. కాలేజీవాళ్లే కాదన్నారట అని టీ కొట్ల దగ్గర చెప్పుకున్నారు. చాలామందికి బరువు దిగినట్టయింది. వాళ్లనీ తప్పుపట్టలేను. మందు లేకపోతే పూత నిలవదు, పూత నిలవకపోతే తోట లేదు.

ఎలకలమ్మకి చెప్పే పని నేనే తీసుకున్నాను. ప్రొఫెసర్ గారు నేను చెబుతాను అన్నారు, వద్దు సార్, తప్పు నాది అన్నాను. గొప్పగా అయితే అన్నాను. ఆమె ఎలకల గదిలో నీళ్ల సీసాలు మారుస్తోంది. గుమ్మంలోనే నిలబడి, ఆ లెక్క తప్పు వచ్చిందమ్మా, మందువల్లేనని చెప్పలేం అన్నాను. ఆమె సీసా కింద పెట్టింది.

"అంటే మందు మంచిదేనాండీ?"

అలా అని కాదమ్మా, తర్వాత వివరంగా చెబుతాను అని వచ్చేశాను. ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. ఎక్కడ తప్పింది అని అడిగితే, బట్టలుతికే వరస సంగతి చెప్పాల్సి వస్తుందేమోనని కూడా భయపడ్డాను. అది తన తప్పని ఆమె ఎక్కడ అనుకుంటుందోనని. ఇలా పైకి చెప్పుకోవడానికి బాగానే ఉంది. నిజానికి నా టిక్కు సంగతి బయటపడుతుందనే భయం అంతకన్నా పెద్దది. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తర్వాత ఇక చెప్పడానికి సందు దొరకలేదు. సందు దొరకలేదంటే వెతకలేదని అర్థం.

మళ్లీ పూతలు వచ్చాయి. ఆమె భర్త గొట్టం పట్టాడు. పేరున్న చెయ్యి కదా, పిలిచారు, వెళ్లాడు. వణికే చేతికి గొట్టాన్ని తాడుతో కట్టించుకుని కొట్టాడని తర్వాత తెలిసింది.

రెండోసారి ప్రయోగానికి అనుమతులు, ఎలకలు, మనుషులు అన్నీ సమకూడేసరికి ఏడాదిన్నర పైన పట్టింది. ఈసారి అన్నీ పద్ధతిగా చేశాం. రెండు గుంపుల్నీ కలిపి నంబర్లు వేసి, ఏది ఏ గుంపో నాకు తెలియకుండా ప్రొఫెసర్ గారు చీటీ రాసి బీరువాలో పెట్టారు. వరస కోసం చీటీలు తీసింది ఎలకలమ్మే. పశువుల ఆస్పత్రిలో మూడు గంటలు కూర్చుని నిండు క్యాను తెచ్చాను. రెండో క్యాను కూడా తెచ్చాను. ప్రతి ఎలకకీ సెకన్లు రాశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. కాలు కడుక్కోవడం మాత్రం ఈసారి శుభ్రంగా చేశాను. చీటీ విప్పి చూస్తే, మందు తాగిన ఎలకల్లో డోపమిన్ తగ్గింది. మొదటిసారి చూపించినంత కాదు, దాంట్లో మూడో వంతు. కానీ ఇది నిలబడే తగ్గుదల. ఏ వరసలో రాసినా మాయం కాలేదు.

ఈసారి గుమ్మంలో నిలబడి చెప్పకూడదనుకున్నాను. కాగితం తీసుకుని ఆటోలో వాళ్ల ఊరు వెళ్లాను. ఆమె భర్త అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. మొహంలో కదలిక లేదు, కళ్లు మాత్రం గుర్తుపట్టాయి. ఆమె నాకు మంచినీళ్లిచ్చి, ఆయన చొక్కా కాలరు సర్ది, పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఇద్దరికీ మొత్తం చెప్పాను. సగం క్యాను, ఐసు, టిక్కు, అన్నీ. బట్టల వరస ఒక్కటి చెప్పలేదు. అది ఇప్పటికీ ఆమెకి తెలియదు. ఆ మాట పట్టుకుని మురిసిన చదువుకున్నవాళ్లం మేం, అది మోయాల్సింది మేమే.

ఆమె అంతా విన్నది. చివర్లో, ఎంత తగ్గిందండీ అని అడిగింది. మొదట చెప్పినంత లేదమ్మా, దాంట్లో మూడో వంతే అన్నాను. ఆ మాట ఏదో ఊరటలా ఉంటుందనుకున్న నా తెలివికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఎక్కువైనా తక్కువైనా మందు మంచిది కాదనే కదండీ" అంది ఆమె. "మొదట మీరు చెప్పిన తప్పు లెక్క మా ఆయన్ని ఒక పూత కాపాడింది. మీరు దిద్దుకున్నాక రెండు పూతలకి కొట్టాడు."

గొంతు పెంచలేదు. నేను తల దించుకుని, తప్పని తెలిసి దిద్దకుండా ఉండలేను కదమ్మా అన్నాను.

"దిద్దొద్దనలేదండీ. మందు మంచిదేనా అని అడిగాను. మీరు వెళ్లిపోయారు."

ఆయన ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. రెండు పూతలు కొట్టకపోతే ఇంకొన్నాళ్లు ఉండేవాడని నేను చెప్పలేను. చెప్పడానికి కొలత లేదు. ఆమె పదిహేను రోజులు రాలేదు, తర్వాత మామూలుగా పనిలోకి వచ్చింది, నాతో మామూలుగానే మాట్లాడింది.

పిల్లలూ, క్యాను నిండా పోయించుకోండి, చీటీలు తియ్యండి, అయిపోయినది అయిపోయినట్టు రాయండి. ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉంటాయి. తెలియదు అనడానికీ, కాదు అనడానికీ మధ్య తేడాని ఒక మనిషికి అర్థమయ్యేలా చెప్పాలంటే ఎంతసేపు పడుతుందో వాటిలో ఉండదు. నా లెక్కలో పది నిమిషాలు. ఆ రోజు ఎలకల గది గుమ్మంలోంచి తిరిగి వచ్చి, ఆ పది నిమిషాలూ నేనేం చేశానో బాగా గుర్తుంది. నా బల్ల దగ్గర కూర్చుని, ఖాళీ సీసాల మీద చీటీలు అంటించాను.